అమ్మ చేతికి నేను పెట్టిన పేరు

జనవరి 24, శుక్రవారం

రమ్య నాకు బ్రైడల్ షవర్ చేస్తుందట. లంచ్ టేబుల్ దగ్గర అందరి ముందు ప్రకటించేసింది. నన్ను అడగనేలేదు. మడికొండ ఆఫీసులో మా టీమ్‌లో పెళ్లి కుదిరినవాళ్లను అది ఊరికే వదలదు. పోయినేడు ఒకమ్మాయికి టిష్యూ పేపర్‌తో చీర కట్టించి మమ్మల్నందరినీ పొట్ట పట్టుకుని నవ్వేలా చేసింది. ఆ వీడియో ఇరవైసార్లు చూసి ఉంటాను. వద్దనలేకపోయాను. నిజానికి వద్దనాలని లేదు కూడా.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మొగోళ్లు లేకుంట ఆడోళ్లే కూడి ఆడుకునుడంటే బతుకమ్మ లెక్కనే గదా అంది. అవునన్నాను. మరి పాటలెవలు పాడుతరు అని అడిగింది. పాటలుండవు, గేమ్స్ ఉంటాయన్నాను. పాటలు లేకుంట గేమ్సేంది అని చాలాసేపు గొణిగింది.

జనవరి 29, బుధవారం

ఎక్కడ చేయాలా అని రమ్య హోటళ్లు వెతుకుతుంటే, నేను చేసుకోబోయే హరీశ్ వాళ్లమ్మ ప్రేమలత గారు తమ మేడ మీదే చేసుకోమన్నారట. హనుమకొండలో పెద్ద ఇల్లు. ఆమె లెక్కల టీచర్‌గా రిటైరయ్యారు. హరీశ్ ఒక్కడే కొడుకు. ఆడపిల్ల లేదన్న మాట ఆమె రోజుకు ఒకసారైనా అంటారు. అన్నప్పుడల్లా నా చెయ్యి పట్టుకుంటారు. నాకు ఆమె ఇష్టం. ఆ ఇల్లు ఇంకా ఇష్టం. ఇది హరీశ్‌కు చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రమ్య గేమ్స్ లిస్టు పెట్టింది. అందరికీ క్లిప్పు పెట్టి, పెళ్లి అనే మాట అన్నవాళ్ల క్లిప్పు లాక్కునే ఆట, టిష్యూ చీర, హ్యాండ్‌బ్యాగ్ వేట, చివర్లో టచ్ అండ్ టెల్. మీ అమ్మను తప్పకుండా తీసుకురా అంది. నాలుగేళ్లలో మా ఆఫీసు వాళ్లెవరూ మా అమ్మను చూడలేదు. మా ఇంటికి ఎవరినీ పిలవలేదు. కొత్తవాడలో ఉంటాం, నాన్నది కార్పెట్ల బిజినెస్ అని చెప్తూ వచ్చాను. పూర్తిగా అబద్ధం కాదు. నాన్న, అమ్మ ఇద్దరూ జంపఖానాలు నేస్తారు. బిజినెస్ మాత్రం వేరేవాళ్లది.

ఫిబ్రవరి 2, ఆదివారం, ఉదయం 9

అమ్మ గంట నుంచి గోళ్లు తోముతోంది. పెళ్లిలో పరవడానికి ఎర్ర జంపఖానా ఒకటి సొంతంగా నేస్తోంది. ఆ ఎరుపు గోళ్ల సందుల్లో పట్టేసింది, పోవడం లేదు.

ఫొటోలు తీసేటప్పుడు కొంగు చేతుల మీదికి వేసుకో అని చెప్పాను. ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. సరే, అట్లనే అంది.

సాయంత్రం 6

రాయలేను.

ఫిబ్రవరి 3, సోమవారం

ఆఫీసుకు తలనొప్పి అని మెసేజ్ పెట్టాను. ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి రాస్తాను.

మొదటి గంట బాగానే గడిచింది. క్లిప్పుల ఆటలో అమ్మ రెండు నిమిషాలకే ఓడిపోయింది. ఈ నెలంతా ఆమెకు పెళ్లి తప్ప వేరే మాట లేదు, ఎట్లా గెలుస్తుంది? టిష్యూ చీర ఆటలో అత్తమ్మ టీమ్ గెలిచింది. హ్యాండ్‌బ్యాగ్ వేటలో, అడిగింది బ్యాగులోంచి తీసి చూపించాలి, రమ్య సేఫ్టీపిన్ అని అరిచింది. అమ్మకు బ్యాగే లేదు. కానీ పుస్తెలతాడుకు ఆరు పిన్నులు వేలాడుతున్నాయి. అన్నీ తీసి లెక్కపెట్టి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మురిసిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను గానీ, లోపల మాత్రం, ఆ పిన్నులు తియ్యకపోతే ఏం పోయేది అనుకున్నాను. అప్పటికే నా బుద్ధి అట్లా ఉంది.

తర్వాత టచ్ అండ్ టెల్. నా కళ్లకు చున్నీతో గంతలు కట్టారు. ఎదురుగా కుర్చీల్లో ఐదుగురు. చెయ్యి మాత్రమే పట్టుకుని ఎవరో చెప్పాలి. రమ్య, మా టీమ్ అమ్మాయి ఇంకొకామె, అమ్మ, అత్తమ్మ. ఐదో మనిషిగా పూలమ్మను కూర్చోబెట్టారు. పూలమ్మ అత్తమ్మ వాళ్లింట్లో పనిచేస్తుంది, తొర్రూరు దిక్కు మనిషి. ప్లేట్లు అందిస్తుంటే, ట్విస్ట్ ఉండాలి అంటూ రమ్య లాక్కొచ్చింది.

మొదటి చెయ్యి రమ్యదే. పొడుగు గోళ్లు. వెంటనే చెప్పేశాను.

రెండో చెయ్యి ఇంకా పట్టుకోకముందే రమ్య మైకులో, గైస్, ఈ చెయ్యి ఇంట్లో ఉంటే స్క్రబ్బర్ కొనక్కర్లేదు అంది. అందరూ గొల్లుమన్నారు. రమ్య చెడ్డది కాదు. నవ్వు వస్తుందంటే నోటికి ఏదొస్తే అది అనేస్తుంది.

పట్టుకున్నాను. నా జాకెట్టు చేతి అంచున ఎక్కడో పోగు ఊడినట్టుంది. ఆ వేళ్లు ఆ పోగును వెతికి పట్టుకున్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క తిప్పు తిప్పి, మెల్లగా లోపలికి తోశాయి. మగ్గం మీద తెగిన పోగును అమ్మ అట్లాగే అతుకుతుంది. ఇట్లా ఎన్ని వేల పోగులు అతికిందో ఆమెకే తెలియదు. ఊడిన పోగు కనిపిస్తే ఆమె వేళ్లు ఆగవు. బస్సులో ముందు సీట్లో ఎవరో తెలియని మనిషి చొక్కా పోగును కూడా అట్లా సర్దుతుంది.

తెలుసుకోవడానికి ఒక సెకను కూడా పట్టలేదు.

అమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది. వెనక ఎవరో ఇంకా స్క్రబ్బర్, స్క్రబ్బర్ అంటూ నవ్వుతున్నారు. అమ్మ అని చెప్తే ఆ నవ్వు అమ్మ మీదికి పోతుంది, అందుకే చెప్పలేదు, అమ్మను కాపాడాను అని నిన్నటి నుంచి నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. కాదు. ఆ నవ్వు నా మీదికి వస్తుందని భయపడ్డాను. నాన్నది బిజినెస్ అని చెప్పిన అమ్మాయికి ఇట్లాంటి చెయ్యి ఉన్న అమ్మ ఉందని తెలుస్తుందని భయపడ్డాను.

పూలమ్మ అన్నాను.

మేడ దద్దరిల్లింది. నా చేతిలో ఉన్న చెయ్యి ఒక క్షణం అట్లాగే ఉండి, తర్వాత తనే వెనక్కి జరిగింది.

మూడోది మెత్తటి చెయ్యి. క్రీమ్ వాసన. గాజులు కూడా తెలిసినవే. అత్తమ్మ. కానీ అమ్మ అనే మాట ఇంకా వాడలేదు కదా, ఎక్కడో ఒకచోట వాడాలి. ఇది మా అమ్మ అన్నాను.

ఒక్కసారిగా అరుపులు, ఈలలు. ఎవరో గంతలు లాగేశారు. ఎదురుగా అత్తమ్మ ఏడుస్తున్నారు. నన్ను పట్టుకుని, ఆడపిల్ల గొంతుతో నన్నెవరూ అమ్మ అనలేదమ్మా అన్నారు. రమ్య కూడా కళ్లు తుడుచుకుంది. మిగతా రెండు చేతుల సంగతి అందరూ మరిచిపోయారు.

అమ్మ కుర్చీలోనే ఉంది. నవ్వుతోంది. కొంగు చేతుల మీద ఉంది, నేను చెప్పినట్టే.

భోజనాలప్పుడు కనిపించలేదు. వెతుకుతూ పోతే వెనక కుళాయి దగ్గర పూలమ్మతో కలిసి గ్లాసులు కడుగుతోంది. ఇదేం పని అన్నాను. ఎట్లాగూ నన్ను పూలమ్మను జేసినవ్ గదా అని నవ్వింది.

ఆటోలో వచ్చేటప్పుడు ఒకే ఒక్క మాట అడిగింది. మీ అత్తమ్మ చెయ్యి నిజంగనే గంత మెత్తగుంటదా బిడ్డా?

ఫిబ్రవరి 4, మంగళవారం

అత్తమ్మ ఆ వీడియోను స్టేటస్ పెట్టుకున్నారు. కళ్లు మూసినా నన్నే అమ్మ అంది అని కింద రాశారు. వాళ్ల పాత స్టూడెంట్లంతా హార్టులు పెట్టారు. హరీశ్ ఫోన్ చేసి, మా అమ్మ మూడుసార్లు ఏడ్చింది, నువ్వు గ్రేట్ అన్నాడు.

థ్యాంక్యూ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో తెలియదు.

ఫిబ్రవరి 6, గురువారం

రెండు రోజులుగా మా ఇంట్లో ఒకే మగ్గం చప్పుడు. నాన్నది. అమ్మ మగ్గం మీద ఎర్ర జంపఖానా సగంలో ఆగి ఉంది. నడుం నొప్పి అంటోంది.

నడుం నొప్పి ఉన్న మనిషి పొద్దున పెరట్లో కూర్చుని కిరసనాయిలులో గుడ్డ ముంచి గోళ్లు రుద్దుకుంటోంది. తర్వాత నిమ్మచెక్కలు, చక్కెర. పక్కింటి కట్టమ్మ ఇదేం తమాషా రాజవ్వా అంటే, బిడ్డ పెండ్లి గదా, నేను గూడ జర సక్కదనం జేసుకోవద్దా అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. కిటికీలోంచి చూస్తూ నేను చచ్చిపోతే బాగుండుననుకున్నాను. ఇట్లాంటి మాటలు రాయకూడదు. అనిపించింది కాబట్టి రాశాను.

సరిగ్గా తినడం లేదు కూడా. కంచం ముందు కూర్చుంటుంది, కలుపుతుంది, లేస్తుంది.

ఫిబ్రవరి 8, శనివారం

పదహారు తారీఖు పెళ్లికి పనులు ఎవరెవరు ఏం చేయాలో నాన్న అడుగుతుంటే అమ్మ చెప్పేసింది. అప్పగింతలప్పుడు తాను నిలబడదట. నా చేతులు పాలల్లో ముంచి అత్తమ్మ చేతుల్లో పెట్టేది డోర్నకల్ పిన్ని చేయాలట. అదేంది, తల్లి వుండంగ చెల్లె పెట్టుడేంది అని నాన్న గట్టిగానే అడిగాడు. కెమెరా దగ్గరికి వెట్టి తీస్తరు, నా చేతులు బాగుండయి, పిన్నివి బాగుంటయి, పెండ్లి వీడియో ఎల్లకాలం వుంటది అంది. కోపం లేదు, బాధ లేదు, కూరలో ఉప్పు ఎంతో చెప్పినట్టు చెప్పింది.

నాన్నకు ఏమీ తెలియదు. నా వైపు చూశాడు, నువ్వన్నా చెప్పవే అన్నట్టు. నేను లేచి నీళ్లు తాగడానికి పోయాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

లెక్క ఇట్లా ఉంది. అమ్మ అనుకుంటున్నది నేను ఆమె చెయ్యి గుర్తుపట్టలేదని. అది అబద్ధం. నిజం చెప్పొచ్చు. నిజం ఏమిటంటే, గుర్తుపట్టాను, గుర్తుపట్టి కూడా వద్దనుకున్నాను.

ఏది చెప్తే అమ్మ ఎక్కువ ఏడుస్తుంది? మరిచిపోయిన బిడ్డా, సిగ్గుపడిన బిడ్డా?

పొరపాటు అనుకుంటే పొరపాటుగానే ఉండనీ అని మధ్యాహ్నం దాకా అనుకున్నాను. అది అమ్మ కోసం అని కూడా అనుకున్నాను. మళ్లీ అదే తెలివి. అమ్మ కోసం, అమ్మ కోసం అంటూ నన్ను నేను కాపాడుకోవడం నాకు బాగా అలవాటయింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

గాజుల సైజు చూడాలని అత్తమ్మ పిలిస్తే పోయాను. చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తూ, ఒక్కసారి అమ్మా అనవా అని అడిగారు. చిన్నపిల్లలా అడిగారు. అన్నాను. ఆమె కళ్లు మళ్లీ నిండాయి. నేను దొంగసొమ్ము తింటున్నట్టు కూర్చున్నాను.

వచ్చేటప్పుడు గేటు దగ్గర పూలమ్మ చెత్త ఊడుస్తోంది. చీపురు ఆపకుండానే, తలెత్తకుండానే అంది. నీ ఎదురుంగనే గూసున్ననమ్మా ఆ దినం, నీ మొకం సూసిన, మీ అమ్మ చెయ్యని నీకు ఎరుకే. గేటు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నా పేరు వెట్టినవ్, నాకేం రంది లేదు, గని మీ అమ్మ గ్లాసులు కడుక్కుంట ఒక్క మాట గూడ మాట్లాడలే అంది.

ఆమెకు సారీ చెప్పాలని కూడా ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. ఆమె పేరును నేను తిట్టులా వాడాను కదా.

ఫిబ్రవరి 13, గురువారం, మధ్యాహ్నం 2

చెప్పేశాను.

నాన్న నూలు తేవడానికి పోయాడు. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ముందు ఏదో చుట్టుతిప్పి చెప్పాలనుకున్నాను, రాలేదు. ఆ రోజు నీ చెయ్యని నాకు తెలుసమ్మా అన్నాను. పోగు అతికినప్పుడే తెలిసింది, అందరూ నవ్వుతున్నారని సిగ్గేసింది, అందుకే పూలమ్మ అన్నాను, కావాలనే అన్నాను.

అమ్మ చేతులు చాటలోనే ఆగిపోయాయి. తెల్సే అన్నవా అంది. అవునన్నాను. నిజంగ తెల్సా అంది. మళ్లీ అవునన్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

చాట పక్కకు పెట్టి, గదవ కింద చెయ్యి పెట్టి నా ముఖం ఎత్తింది. ఎంత బుగులువడ్డనే బిడ్డా అంది. ఇరవై ఆరేండ్లు ఈ చెయ్యి వట్టుకుని తిరిగినదానివి, కండ్లకు గుడ్డ కడితే మరిసిపోయినవ్ అనుకున్న, రేపు అత్తగారింటికి పోతే అసలే యాదికుండ అనుకున్న. ఇట్లా అంటూ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. సిగ్గువడ్డవ్, గంతే గదా, సిగ్గుకేమున్నది, సిగ్గు పోతది అంది.

లేచి కంచం పెట్టుకుని అన్నం తిన్నది. పచ్చిపులుసు పోసుకుని రెండుసార్లు వడ్డించుకుంది.

అంతే. అంతటితో మాఫ్ చేసేసింది. పదకొండు రోజులు నేను మోసింది ఆమెకు ఒక లెక్కే కాదు. ఆమె మోసింది వేరేది, దాని బరువు నాకు తెలియనే తెలియదు. అమ్మ అన్నం తింటుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంత సిగ్గు ఆ రోజు మేడ మీద కూడా పడలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తెల్లారేసరికి రెండు మగ్గాల చప్పుడు. మధ్యాహ్నానికి జంపఖానా అయిపోయింది.

అప్పగింతలకు తానే నిలబడుతుందట. పిన్నికి ఫోన్ చేసి చెప్పేసింది. ఫోన్‌తో ఆగితే బాగుండేది. కట్టమ్మకు చెప్పింది, నల్లా దగ్గర అందరికీ చెప్పింది. నా బిడ్డ నా చెయ్యి గుర్తువట్టిందంట, ఊకెనే పూలమ్మన్నదంట అని, నాకేదో ర్యాంకు వచ్చినట్టు. విన్నవాళ్లు అమ్మ వైపు చూసి నవ్వారు, తర్వాత నా వైపు చూశారు. వాళ్లకు నేను చేసింది అర్థమైంది. అమ్మకే అర్థం కాలేదు, లేక అర్థమై పక్కకు పెట్టేసింది.

నాన్నకూ అమ్మే చెప్పింది. అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడలేదు. పొద్దున నా ముందున్న చాయ్ గ్లాసు తీసి కడగబోతే, నేను కడుగుతా నాన్నా అన్నాను. గ్లాసు అక్కడ పెట్టి మగ్గం గుంటలోకి దిగిపోయాడు.

ఫిబ్రవరి 15, శనివారం, ఉదయం 11:20

అత్తమ్మ ఫోన్. అమ్మ పొద్దున వాళ్లకూ చేసి చెప్పిందట, సంతోషం పట్టలేక.

మరి నా చెయ్యి అని అడిగారు. అది కూడా తెలిసే అన్నావా?

హరీశ్ గుర్తొచ్చాడు, రేపటి పెళ్లి గుర్తొచ్చింది. అయినా అవునన్నాను.

మెల్లగా, క్లాసులో చెప్పినట్టు చెప్పారు. రేపు నన్ను అమ్మా అని పిలవకు నవనీతా. అనాలనిపించిన రోజు వస్తే అప్పుడు అను, రాకపోతే లేదు.

సరే అత్తమ్మా అన్నాను.